పక్కింటి దగ్గు

కట్టుకథ అల్లేంత తెలివి నాకు లేదు. ఉంటే కెమిస్ట్రీ పుస్తకం ముందు కూర్చుని అన్ని రాత్రులు ఏడ్చేదాన్నే కాదు. నమ్మండి... ఇది నా చెవులతో నేను విన్నది.

అప్పుడు సెకండ్ పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడాది. బంగారు గనుల ఊరు కోరమండల్‌లో మా అవ్వ దగ్గర ఉండి కాలేజీకి పోయేదాన్ని. గని కార్మికుల కోసం కట్టిన వరస ఇళ్ళు అవి. పక్కింటికీ మాకూ ఒకటే గోడ. మర్నాడు కెమిస్ట్రీ ప్రాక్టికల్. ఏ ఉప్పు ఇచ్చినా అదేమిటో కనిపెట్టాలి. తప్పితే చదువు మాన్పించి మా ఊరు రాయల్పాడు తీసుకుపోతానన్నాడు నాన్న.

అన్నాలు తిన్నాక కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించి, గోడకు ఆనుకుని, గట్టిగా చదువుతున్నాను.

"డైల్యూట్ హెచ్‌సీఎల్ వేస్తే వైట్ ప్రెసిపిటేట్... లెడ్."

నీళ్ళు తాగుదామని ఆగాను.

ఖళ్... ఖళ్...

సరిగ్గా నా వీపు వెనక. గోడకు అవతల. పొడి దగ్గు. ఆ తర్వాత ఊపిరి అందక, సన్నగా ఈల వేసినట్టు లాక్కోవడం...

మళ్ళీ చదివాను. దగ్గు లేదు. ఆపాను... ఖళ్... ఖళ్...

"అవ్వా, పక్కింట్లో ఎవురో దగ్గుతాండారు."

చాప పరుస్తున్న అవ్వ తలెత్తింది. "ఆడెవురుండారమ్మా? బీగమేసి శానా ఏండ్లాయ."

టార్చి తీసుకుని ఇద్దరం బయటికి వెళ్ళాం. తాళం తుప్పు పట్టి ఉంది. తలుపు మీద సాలెగూడు చెదరలేదు. అవ్వ తలుపుకు చెవి ఆనించింది. చాలాసేపు... అలాగే. లోపల... అదే ఈల. అదే ఊపిరి. అవ్వ మెల్లగా నా చెయ్యి పట్టుకుంది.

"ఆ ఇంట్లో వుండిన మునెప్ప ఇట్లే దగ్గుతా వుండె" అంది, ఇంట్లోకి వచ్చాక. "గనిలో రాతి దుమ్ము మింగినోడు. పండుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకోని కూసోనే నిద్రపోయేవాడు. వాళ్ళ పాప పక్కన కూసోని పాఠం సదవతా వుంటే కన్ను మూతపడేది. ఆయప్ప పోయి ఎన్నాళ్ళాయనో ఇంగ."

"నేనీడ పండుకోనవ్వా..."

"మనల్నేం చేసినాడమ్మా ఆయప్ప? సదువు. నేనుండా కదా."

చదివాను. మొదట గొంతు వణికింది. కాపర్ దగ్గరికి వచ్చేసరికి నిలబడింది. మొత్తం అయ్యాక ఆగి... విన్నాను.

దగ్గు లేదు. సన్నగా గురక. నా పక్కన అవ్వ కూడా నిద్రపోయింది. అది ఆమెదేనేమో.

మర్నాడు ఇచ్చిన ఉప్పు కనిపెట్టాను. పాసయ్యాను.

ఆ ఇళ్ళ గోడలు పైకప్పు దాకా ఉండవు, ఎవరింట్లో దగ్గినా నీకు వినిపిస్తుంది అంటాడు మా తమ్ముడు. కావచ్చు. కానీ నేను చదవగానే వాళ్ళెందుకు ఆగుతారు?

కొన్నాళ్ళకు మునెప్ప కూతురు వచ్చి ఆ ఇల్లు తెరిచింది. గుమ్మంలో నిలబడి తొంగి చూశాను. అంతా దుమ్ము. మా గోడకు మాత్రం ఒక దిండు ఆనించి ఉంది. దాని మీదా దుమ్ము ఉందో లేదో... లోపలికి అడుగు పెట్టి చూడలేకపోయాను.