కొడుకు బాగుచేయించిన గడియారం

కెనడాలోని ఏజాక్స్‌ ఊళ్లో తెలుగువాళ్లమంతా గడియారాల అంకుల్ అని పిలిచే ఆయన, ఏ పాత గడియారాన్ని చేతికిచ్చినా ముందు దాని వీపు చూసేవారు. "ముందు భాగం ఎవరైనా మెరిపిస్తారు. విలువ కట్టాలంటే వెనక చూడాలమ్మా," అనేవారు.

ఒక శనివారం ఆయన్ని మా ఇంటి ఓనరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఎనభై దాటిన ఆ కెనడా ఆవిడ వృద్ధాశ్రమానికి మారబోతోంది. తాతల నాటి అమెరికన్ క్యాలెండర్ గడియారాన్ని కొడుకు పేర వీలునామాలో రాయడానికి విలువ కట్టమంది. దానికి పైన గంటల డయల్, కింద తేదీ, నెల చూపే డయల్ ఉన్నాయి.

"కీ ఇచ్చే శ్రమ లేకుండా మా అబ్బాయే బాగుచేయించాడు. తేదీ మాత్రం కదలదు," అంది గర్వంగా.

అంకుల్ వెనక చెక్క విప్పారు. తయారీ కంపెనీ లేబుల్ చెక్కుచెదరలేదు. పాత యంత్రం ఉండాల్సిన చోట మాత్రం బ్యాటరీతో నడిచే చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. తేదీ డయల్ వెనక ఒక్క పళ్లచక్రం కూడా లేదు.

"అసలు మిషన్ ఎవరో తీసి అమ్ముకున్నారండీ. మిగిలింది పెట్టె విలువే," అన్నారు మామూలుగా. అనేశాక గానీ, బాగుచేయించింది కొడుకేనని ఆవిడ చెప్పిన మాట ఆయనకు గుర్తు రాలేదు.

ఆవిడ ఆ ఖాళీలోకి తొంగిచూసింది. "మూసేయండి. రేపు వాడొస్తాడు. నాకు తెలిసిందని వాడికి తెలియకూడదు," అంది.

కారులో అంకుల్ తల పట్టుకున్నారు. "రిపేరు షాపువాడే మోసం చేసుండొచ్చుగా. ఆ ముక్క చెప్పలేకపోయానమ్మా."

కారు మళ్లించాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఆయన మాట పూర్తిగా విన్నది.

"అలా అనుకోవాలని నేనూ చూశాను," అంది.