బాపు కాల్చి చూసిన పోగు

నిన్న సాయంత్రం ఫోన్ వచ్చింది. తమ్ముడికి ఈ ఏడాది రేసుల్లో రెక్కలున్న కారు ఇస్తున్నారు! అప్పటి నుంచి థాణే దగ్గర కామత్‌ఘర్‌లో మా గల్లీ మొత్తానికీ నేనే చెప్పాను. పాలవాడికి చెప్పాను, షేర్ ఆటోలో పక్కన కూర్చున్నామెకు చెప్పాను, రాంగ్ నంబరు చేసిన ఒక మరాఠీ ముసలాయనకు కూడా చెప్పాను. ఆయన ఎవరో ఏమిటో అడక్కుండా "ఛాన్, ఛాన్" అని సంతోషించి పెట్టేశాడు.

మా గల్లీకి రేసంటే గుర్రాలే. అందుకని ప్రతివాళ్ళకూ మొదటి నుంచి చెప్పాల్సి వస్తోంది. ఒక్కరే పట్టే కారు. పైన కప్పుండదు, చక్రాలు నాలుగూ బయటికి కనిపిస్తాయి, నడిపేవాడు దాదాపు పడుకున్నట్టు కూర్చుంటాడు. రెండేళ్ళు తమ్ముడు అలాంటి కార్లలో అన్నిటికన్నా చిన్నది నడిపాడు. రెక్కలున్నది దానికి పై మెట్టు. గాలి కారును పైకి లేపకుండా ముందూ వెనకా రెక్కలు నేలకేసి నొక్కుతాయట. విమానానికి తిరగేసి అన్నమాట. ఇది విన్న మా నాయనమ్మ, "ఎగరకుండ రెక్కలెందుకే?" అంది. నన్నడిగితే ఏం లాభం, నాది బీకాం.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ముత్తాతల దాకా వెతికినా ఇంకొకరు దొరకరు. రెండేళ్ళ కిందట రిజల్టు వచ్చిన రోజు బాపు నార్పోలిలోని మా సాంచాలు ఒక పూట ఆపించి, పనివాళ్ళందరికీ పేడాలు పంచాడు. మేం నాన్నను బాపు అంటాం, పవర్‌లూమ్‌ను సాంచా అంటాం. అవి ఆగాయంటే కరెంటు పోయినట్టు, లేకపోతే పండగ అన్నట్టు. నా గొప్పతనం వారం రోజులు నిలిచింది. ఆ తర్వాత తమ్ముడు దాన్ని మింగేశాడు.

కాశేలి దాటాక థాణే వైపు గోకార్ట్‌లనే బుల్లి కార్లు తోలే ట్రాక్ ఒకటి ఉంది. తమ్ముడు స్కూలు రోజుల నుంచీ అక్కడే ఉండేవాడు. అందరికన్నా వేగంగా తిరిగినవాళ్ళ పేర్లు రాసే బోర్డులో వాడి పేరు చెరిగేది కాదు. వాణ్ని చూడడానికి మద్రాసు నుంచి ఒక టీమ్ మేనేజర్ వచ్చాడు. అక్కడి పెద్ద ట్రాక్ మీద కుర్రాళ్ళకు రెండు బ్యాచ్‌లుగా రేసు పెడతారట. అందులో బాగా తోలిన కొద్దిమందికి ఏడాది పొడుగునా టీమే కారు ఇస్తుంది. రేసులో దిగనివాడికి ఇక లేనట్టే. "కారు, హెల్మెట్ మావి. రేసులో తొడిగే సూటు మీరు తెచ్చుకోండి" అని చెప్పి వెళ్ళాడాయన.

సూటు కొనడం అన్న మాట మా ఇంట్లో చెల్లలేదు.

"బట్ట నేసేటోళ్ళ ఇంట్ల పుట్టి అంగడికి పోయి అంగీ కొంటర్రా? నలుగురు నవ్వరు?" అంది నాయనమ్మ.

"గదే కద అవ్వా. మన మాల్ ఉండంగ పరాయోని మాల్ మనకెందుకు?" అన్నాడు బాపు.

"బాపూ, రేసోళ్ళది వేరే తీరు ఉంటదట" అని గొణిగాడు తమ్ముడు.

"ఏం తీర్రా? రెండు చేతులు, రెండు కాళ్ళు. గంతే గద?"

బాపు తెల్లటి పాలిస్టర్ తాను ఒకటి స్వయంగా నిలబడి నేయించాడు. అంతకు ముందుగానీ తర్వాతగానీ ఆ సాంచా మీద అంత మంచి గుడ్డ రాలేదు. అమ్మ మెడ నుంచి మడమల దాకా ఒకే ముక్కలా కుట్టి, పక్కల ఎర్ర పట్టీలు వేసింది. తమ్ముడు తొడుక్కుని వాకిట్లో నిలబడితే ఎదురింటివాళ్ళు బ్యాండు మేళంలో చేరావా అని అడిగారు. కానీ నిజం చెప్పాలంటే వాడు దొరబిడ్డలా ఉన్నాడు.

బాపు, తమ్ముడు, నేను రైలెక్కాం. నన్ను తీసుకెళ్ళింది ఇంగ్లీషు కోసం. మద్రాసులో ఎవరేం అడుగుతారో, నేనేం చెప్పాలో దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూ లోలోపల చదువుకుంటూనే ఉన్నాను.

రేసు రోజు పొద్దున ప్రతి కుర్రాడి హెల్మెట్, బూట్లు, సూటు ఒక రేకుల షెడ్డులో పరీక్ష చేస్తున్నారు. మా వంతు వచ్చింది. కళ్ళద్దాలు ముక్కు చివరకు జారిన ఒక పెద్దమనిషి సూటు అంచును వేళ్ళ మధ్య రాసి, ఎక్కడ కొన్నారని ఇంగ్లీషులో అడిగాడు. నేను గొంతు సవరించుకుని రైల్లో చదువుకున్నదంతా మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"తెలుగోళ్ళేగా మీరు? ఇందాక మాట్లాడుకుంటా ఉంటే విన్నాలే. మాది నెల్లూరమ్మా. తెలుగులోనే చెప్పు."

నా చదువు మళ్ళీ లోపలికి పోయింది. బాపు ముందుకొచ్చాడు.

"కొన్నది గాదు సారూ. మా సాంచల మీద నేసింది. పట్టి చూడుండ్రి. ఉతికితె ముడత పడది, ఎండకు రంగు పోదు. ఏక్ నంబర్ మాల్."

"మాల్ బాగుందయ్యా. కానీ పిల్లోడు ఇది తొడుక్కుని కారెక్కకూడదు."

"ఎందుకెక్కద్దు? గుడ్డ సంగతి మీరు నాకు జెప్తరా సారూ? నేను పుట్టిందే సాంచ పక్కపొంటి."

"నేను చెప్పన్లే పెద్దాయనా. చూపిస్తా. బయటికి రా, ఇక్కడ పెట్రోలుండాది."

షెడ్డు వెనక్కి వెళ్ళాం. ఆయన సూటు లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి దానికి చూపించాడు. పోగు చివ్వున ముడుచుకుంది. దాని చివర నల్లటి బొట్టు ఒకటి ఉబ్బి, మండుతూనే కింద పడింది.

ఇక బాపుకు వేరే చెప్పాల్సిన పని లేదు. నూలు కొనేటప్పుడు బాపు చేసేది సరిగ్గా ఇదే. పోగు కాల్చి, బూడిదైతే పత్తి, కరిగి గట్టి గింజలా మిగిలితే పాలిస్టర్ అని చెప్పేస్తాడు. తన చేత్తో ఎన్నిసార్లు చేశాడో లెక్కలేదు. ఆ పోగుల వెనక ఒక ఒళ్ళుంటుందని మాత్రం ఎన్నడూ ఆలోచించాల్సిన పని పడలేదు.

బాపు కింద పడిన గింజను చెప్పుతో నొక్కి చూశాడు.

"మంటలు లేస్తయా సారూ, గీ కార్లల్ల?"

"రోజూ లేవవు. నేను చూసింది తక్కువే. కానీ లేచిన రోజు ఒంటి మీద ఇది ఉండకూడదు."

బాపు తమ్ముడి వైపు తిరిగాడు. "ఇప్పు. సామాన్ సదురుకో. ఇంటికి పోదం."

"టెన్షన్ మత్ లో బాపూ. ఎవలన్న సూటు ఇస్తరేమో అడుగుత."

"ఇచ్చినా వద్దు. కారంటె ఉరుకుతది, మహా అంటె గుద్దుకుంటది అనుకున్న. కాలుతదని నాకెవ్వలు జెప్పిండ్రు?"

తమ్ముడు సూటు విప్పి మడిచి, బనీను లాగుతో టైర్ల కుప్ప మీద కూర్చున్నాడు. ఏడవలేదు. వాడు ఏడిస్తే నాకు కొంచెం తేలికగా ఉండేది. వాడి బ్యాచ్ రేసు మధ్యాహ్నం. అప్పటికి సూటూ కావాలి, బాపూ ఊ అనాలి. ఊ అనిపించడం నా చేతుల్లో లేదు గానీ సూటు అడగడానికి నాకు నోరుంది కదా అనుకున్నాను.

మొదటి బ్యాచ్ రేసు అప్పుడే అయిపోయింది. గెలిచింది కోయంబత్తూరు అబ్బాయి, తాటిచెట్టంత పొడుగు. వాడి కారు ఖాయమైపోయింది కాబట్టి వాణ్నే అడుగుదామని వెళ్ళాను. రైల్లో చదువుకున్న వాక్యాల్లో సూటు అప్పడిగే వాక్యం ఒక్కటీ లేదు. బ్యాంకుకు రాసే ఉత్తరంలో ఉన్నంత మర్యాదగా ఏదో ఇంగ్లీషు మాట్లాడాను. ఆ అబ్బాయి అంతా ఓపిగ్గా విని, "తీసుకో అక్కా, కానీ చెమటకు తడిసిపోయింది, పరవాలేదా?" అని ఇంగ్లీషులోనే అడిగాడు. నా ఇంగ్లీషు మొట్టమొదట పనికొచ్చింది ఒక తడిసిన సూటుకు. నాకు గాల్లో తేలుతున్నట్టుంది.

సూటు తెచ్చి బాపు ముందు పెట్టాను. ఆ అబ్బాయీ నా వెంటే వచ్చాడు. బాపు కూర్చుని సూటు చేతిని లోపలివైపుకు తిరగేసి, కుట్ల దగ్గర గోటితో గీకి, ఒక పోగు బయటికి లాగి, అలాగే పట్టుకుని ఆ అబ్బాయి వైపు చూశాడు.

"తెంపుకుంటనని అడుగు బిడ్డా. ఒక్కటే."

అడిగాను. వాడు నవ్వి, "మొత్తం కాల్చడు కదా?" అన్నాడు.

బాపు నెల్లూరు పెద్దమనిషి దగ్గర అగ్గిపెట్టె అడిగి తీసుకున్నాడు. షెడ్డుకు దూరంగా నడిచి, గాలికి వీపు తిప్పి గీశాడు. పోగు నల్లబడింది. కరగలేదు, కారలేదు. పుల్ల పక్కకు తీయగానే పోగు మీది ఎరుపు కూడా ఆరిపోయింది. బాపు మరో పుల్ల గీసి మిగిలిన ముక్కకు చూపించాడు. అదీ అంతే. నల్లబడిన చివరను బొటనవేలితో నలిపితే పొడిపొడిగా రాలింది. అందులో గింజ కోసం వెతికాడు. లేదు.

"మంచిగ నేసిండ్రు" అన్నాడు, ఎదురుగా నూలు సేఠ్ ఉన్నట్టుగా. ఆ తర్వాత తమ్ముడి వైపు చూడకుండానే, "తొడుక్కో" అన్నాడు.

తమ్ముడు టైర్ల మీంచి ఎలా దూకాడో నాకు తెలియదు, చూసేసరికి సూటులో ఉన్నాడు. కాళ్ళు పొడుగైతే బాపే మోకాళ్ళ మీద కూర్చుని, మడిచి సాక్సుల్లోకి దోపాడు. నెల్లూరు పెద్దమనిషి చుట్టూ తిరిగి చూసి, మెడ దాకా మూయించి, సరే అన్నాడు.

ఈ గొడవలో ప్రాక్టీసు పోయింది కాబట్టి తమ్ముణ్ని అందరికన్నా వెనక నిలబెట్టారు. కార్లు కదిలాక ఆ చప్పుడుకు చుట్టుపక్కలవాళ్ళు చెవులు మూసుకున్నారు. మాకు ఇంట్లో ఉన్నట్టే ఉంది. సాంచాల మధ్య పెరిగినవాళ్ళం, పెదవులు చూస్తూ మాట్లాడుకోవడం అలవాటు. కంచె పట్టుకుని బాపూ నేనూ రేసంతా ముచ్చట్లు పెట్టుకున్నాం.

"ఒకన్ని దాటిండు!"

"ఇద్దర్ని, బాపూ! అటు చూడు!"

"గా ఎర్ర కారోడు జరుగడేందే? వాని బొంద!"

ఒక మలుపులో తమ్ముడి కారు గిర్రున తిరిగి మట్టిలోకి పోయింది. దుమ్ము లేచింది. బాపు పెదవులు ఆగిపోయాయి. ఆ దుమ్ము రంగు చూస్తున్నాడని నాకు తెలుసు, నేనూ అదే చూస్తున్నాను. మట్టి రంగే, పొగ కాదు. కారు మళ్ళీ కదిలి రోడ్డెక్కింది. బాపు ఊపిరి వదిలిన సంగతి కంచె ఊగడం వల్ల తెలిసింది.

తమ్ముడు ఐదోవాడిగా వచ్చాడు. నా మొహం వాడిపోయింది. కానీ మేనేజర్ నవ్వుతూ వచ్చాడు. వాళ్ళు చూసేది ఎన్నోవాడన్నది కాదట, ఒక్క చుట్టు ఎంత తొందరగా తిరిగాడన్నదట. మట్టిలోంచి లేచి వచ్చిన తర్వాత తమ్ముడు తిరిగినంత తొందరగా ఆ మధ్యాహ్నం ఎవరూ తిరగలేదు. "కారు మీవాడికే. పంపిస్తారా?" అని మేనేజర్ అడిగాడు. నేను బాపుకు తెలుగులో చెప్పాను.

సంతోషంతో అరవాలని నోరు తెరిచాను గానీ అరవలేదు. తమ్ముడు హెల్మెట్ చంకలో పెట్టుకుని బాపు మొహంలోకే చూస్తున్నాడు.

"పంపుత" అన్నాడు బాపు. "గాని వాని అంగీ నేను చూసినంకనే తొడుగుతడు. గది మాత్రం జెప్పు."

చెప్పాను. మేనేజర్‌కు అర్థం కాలేదు, అయినా తలూపాడు. అప్పుడు అరిచాను. బాపు నన్ను కసిరి, నెల్లూరు పెద్దమనిషిని వెతుక్కుంటూ షెడ్డు వైపు నడిచాడు.

"సారూ, గీ నూలు ఏడ దొరుకుతది? మన సాంచల మీద ఎక్కుతదా?"

"అది ఫారిన్ సరుకు పెద్దాయనా. నీకెందుకు?"

"ఊకెనే. ఒక కండె నూలు దొరికితె జూద్దమని."

వాళ్ళిద్దరూ నూలు గురించి మాట్లాడుతూనే ఉన్నారు. తమ్ముడు ఇంకా సూటు విప్పలేదు. చిన్నలాగుతో నిలబడి కోయంబత్తూరు అబ్బాయి ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు.