బియ్యం డ్రమ్ము కింది చెక్క

ముప్పై ఏళ్లు కుట్టు మిషను తొక్కిన కాలు ఒక పట్టాన మాట వినదు. చెక్కలో నగిషీలు కోసే స్క్రోల్ సా ముందు కూర్చున్న మొదటి రోజు నా కుడికాలు బల్ల కింద గాలిని తొక్కుతూనే ఉంది. అది కరెంటుతో నడిచేది. మీట నొక్కితే సన్నటి రంపం బ్లేడు సూదిలాగే పైకీ కిందికీ ఆడుతుంది. సూదిలాగే ఉంది కదా, ఇందులో నేర్చుకునేందుకు ఏముంది అనుకున్నాను. అదే నా కొంప ముంచింది.

కుట్టు మిషనులో గుడ్డను కింది పళ్లు లాక్కుపోతాయి, మనం దారి చూపిస్తే చాలు. ఇక్కడ లాగేవాళ్లు ఎవరూ లేరు, చెక్కను నేనే తోయాలి. గట్టిగా తోస్తే బ్లేడు పుటుక్కున తెగుతుంది. తోయకపోతే ఉన్నచోటే చెక్క మాడుతుంది. తిన్నగా తోస్తే కోత కుడివైపుకు పోతుంది. పైగా చెక్క నా చేతుల్లో ఒకటే ఎగురుడు. రెండు రోజులు కుస్తీ పట్టాక తెలిసింది, బ్లేడును తలకిందులుగా బిగించానని. పళ్లు కిందికి చూడాలట. ఫోనులో వీడియో చూపించే ఆయన ఆ సంగతి హిందీలో చెప్పే ఉంటాడు, నాకే అర్థమై చావలేదు.

ఈ వయసులో నాకీ రంపం ఎందుకంటే, మా నాయన సమాధి కోసం. తలవైపు నాటిన కొయ్య సిలువను చెదలు తినేశాయి. నవంబరులో సమాధుల పండగ వస్తోంది. అందరూ సిమెంటు సిలువ పోయించమన్నారు. అడవి మనిషికి సిమెంటేంటని నాకు కోపం వచ్చింది. ద్రాక్షతీగ అల్లుకున్న సిలువను నా చేత్తో కోసి పెడతానని అందరి ముందూ అనేశాను. అనేశాక మిషను తెప్పించాను.

మా నాయన అడవిలో వాచరు. రాయచోటి అవతల కొండల్లో ఎర్రచందనం చెట్లకు కాపలా. ఖాకీ చొక్కా, చేతిలో కర్ర, ఎప్పటికీ పర్మినెంటు కాని ఉద్యోగం. పొయ్యిలోకి ఎండుపుల్ల కావాలన్నా అడవిలోది ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన పోయిన రోజు పాస్టరుగారు, "ఈ మనిషి అడవిలో బతికి కూడా ఒక పుల్ల ఇంటికి తేలేదు" అన్నారు. మాకు ఆయన మిగిల్చిన ఆస్తి ఆ మాటే.

ఆయనకు ఇంకో విచిత్రమైన గుణం ఉండేది. ఇంట్లో అన్నం తినేవాడు కాదు. రెండు పూటలా జొన్నరొట్టె. అన్నం నాకు పడదు అనేవాడు. అదే చర్చిలో క్రిస్మస్ విందుకు బంతిలో కూర్చుంటే మూడుసార్లు మారు వడ్డించుకునేవాడు. "పడని అన్నం ఈడెట్ల పడతాంది నాయనా?" అని ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు. అమ్మ మాత్రం నవ్వేది కాదు.

నేర్చుకోవడానికి తెచ్చుకున్న ప్లైవుడ్ ముక్కలన్నీ పదిరోజుల్లో పాడు చేశాను. ఇంట్లో వెతికితే బియ్యం డ్రమ్ము కింద ఒక చెక్క కనిపించింది. బియ్యానికి చెమ్మ తగలకుండా నా చిన్నప్పటి నుంచీ అక్కడే ఉంది. చేయంత పొడుగు, జానెడు వెడల్పు, పైన అంతా మసి పట్టినట్టు నలుపు. ఇన్నేళ్లు చెదలు ముట్టని చెక్క సిలువకు పనికొస్తుందని సంతోషపడి, డ్రమ్మును నాలుగు ఇటుకల మీదికి ఎక్కించి దాన్ని లాగాను.

కోయడం మొదలుపెడితే ఇనుములా ఉంది. మూడు బ్లేడులు తెగాయి. నాలుగోది వేలెడంత లోపలికి వెళ్లాక చూస్తే, బల్ల మీద పొట్టు ఎర్రగా పడుతోంది. వేలు తెగిందేమోనని చేతులు రెండూ తిప్పి చూసుకున్నాను. ఎక్కడా తెగలేదు.

అప్పుడే అమ్మ బియ్యానికి వచ్చింది.

"డ్రమ్ము కింద చెక్క యాడికి పాయ మే?"

"కోస్తాండా."

అమ్మ నన్ను చూసింది, బల్ల మీది పొట్టును చూసింది. చాట అక్కడే పెట్టేసి బయటికి వెళ్లిపోయింది. నాకు ఏమీ అర్థం కాలేదు.

మా వీధి చివర తలుపులు చేసే సాయిబు ఉన్నాడు. అన్నా అని పిలుస్తాను. చెక్కను తీసుకుపోయి చూపించాను. ఆయన కోసినచోట ఉమ్మితో తడిచేసి బొటనవేలితో రుద్దాడు. వేలు ఎర్రబడింది. లేచి అంగడి తలుపు దగ్గరికి వేశాడు.

"ఇది కట్టె కాదు పాపా, కేసు. ఎర్రచందనం. సంచిలో ఏసుకోని ఇంటికి పో. నువ్వు నాకు చూపీలా, నేను చూళ్ళా."

"ఎన్నేండ్ల నాటిదో అన్నా, నేను పుట్టినప్పటి నుంచి ఉండాది."

"ఎన్నేండ్లదైతే ఏమి? కట్టె మీద తేదీ రాసుంటాదా?"

సంచి చంకలో పెట్టుకుని ఎవరినీ పలకరించకుండా ఇంటిదారి పట్టాను. పోలీసులంటే భయం కాదు, అది తర్వాత సంగతి. ఎర్రచందనానికి కాపలా కాసిన మనిషి ఇంట్లో ఎర్రచందనం ఎట్లా ఉంది? తెచ్చి ఉంటే ఒక్కటే తెచ్చాడా? పాస్టరుగారి మాట, అది విని నేను ఏడ్చిన ఏడుపు, అంతా అబద్ధమేనా? ఇంటికి వచ్చి నాయన ఫొటో ముందు నిలబడ్డాను. కోపం తెచ్చుకోవాలో, ఆయన తరఫున మాట్లాడాలో తెలియలేదు. ఒకసారి అదీ, ఒకసారి ఇదీ చేశాను. సిలువ సంగతి మరీ అయోమయం. దొంగ చెక్కను ఆయన తలవైపే నాటబోయాను.

అమ్మ వచ్చాక సంచి ముందు పెట్టి అడిగేశాను.

"నాయన దొంగనా మా?"

అమ్మ చటుక్కున తలెత్తింది. "నోరు కడుక్కో. దాన్ని తెచ్చింది నేను."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. నేను కడుపులో ఉన్నప్పుడట. వానలకు బియ్యం చెమ్మెక్కుతున్నాయి. కింద వేయడానికి ఒక చెక్క తెమ్మంటే నాయన అడవిలోది పుల్ల కూడా తేనన్నాడు. మొగుడు అడవికి కాపలా, ఇంట్లో ఒక చెక్కకు కరువా అని అమ్మకు రోషం వచ్చింది. అడవి అంచున ఎవరో నరికి వదిలేసిపోయిన ఎర్రచందనం బద్దను, చేలగట్ల మీద కొట్టిన కంపకట్టెల మోపులో పెట్టుకుని వచ్చింది. నాయన డ్యూటీ దిగి వచ్చేసరికి డ్రమ్ము దాని మీద ఉంది.

"చూసినాడు. ఒక మాట అనలా. అన్నం పెడితే పళ్లెం పక్కకు జరిపి రొట్టె చేసియ్యమన్న్యాడు. అంతే. సచ్చేదాకా ఆ డ్రమ్ములో గింజ నోట్లో పెట్టలా."

ఆయనకు పడనిది అన్నం కాదు, దాని కింది చెక్క.

"తీసకపోయి ఫారెస్టాఫీసులో ఇచ్చేసుండొచ్చు గదా ఆయన?"

"ఇస్తే యాడిదని అడుగుతారు. నా పేరు చెప్పల్ల. చెప్పకుంటే అబద్ధం. రెండూ ఆయనకు చేతగాలా."

"నువ్వన్నా పారేసుండొచ్చు గదా?"

"ఒకనాడు తిడితే పారేద్దామని చూస్తి. తిట్టనే తిట్టలా." అమ్మ చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రొట్టెలు కాల్చీ కాల్చీ నా చేతులు బొబ్బలెక్కె. నేనూ తీయలా."

ఇద్దరి మొండితనం మధ్యలో నేను ఆ డ్రమ్ము అన్నమే తిని పెరిగాను. నాయనను చూసి గర్వపడాలా, నలభై ఏళ్లు పెళ్లాం చేతి అన్నాన్ని కాదన్నందుకు తిట్టుకోవాలా, నాకు ఇప్పటికీ తేలలేదు. చెక్కను పాత చీరలో చుట్టాము. పండగ కాగానే ఆఫీసులో ఇచ్చేద్దామని, తెచ్చింది తానేనని తానే చెప్తానని అమ్మ అంది. వాళ్లు కేసు రాస్తారో, నవ్వి పంపిస్తారో తెలియదు.

సిలువను వేపచెక్కతో కోశాను. సాయిబన్న ఇచ్చిన ముక్క అది. ద్రాక్షతీగ వంకరలన్నీ బాగానే వచ్చాయి కానీ, తిన్నగా రావాల్సిన నిలువు కొయ్యే కాస్త పక్కకు పోయింది. అట్లాగే నాటాము.

పండగరోజు సమాధికి సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు ముట్టించాం. ప్రార్థన అయ్యాక అమ్మ సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. అందులో అన్నం, పప్పు.

"మన చర్చోళ్లలో సమాధికి ఇట్ల పెట్టరు గదా మా" అన్నాను, చుట్టూ ఉన్నవాళ్లను చూస్తూ.

"పెట్టేకి కాదు. నేను తినేకి."

సమాధి పక్కన కూర్చుని, ముద్దలు కలుపుకుని, తొందర లేకుండా సగం తినింది. మిగతా సగం డబ్బాలో ఉండగానే సిలువ వైపు తిరిగింది.

"చెక్క తీసేసినాము" అంది. "ఇంగ తినొచ్చు గదా."