కిటికీ పక్క అక్షరం

తిరుపతిలో బట్టల కొట్టులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో నేను విమానాన్ని దగ్గర నుంచి చూసి కూడా ఎరగను. అయినా మా వీధిలో విమానాల గురించి తెలిసినవాణ్ణి నేనే. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు మాత్రం గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. ఆ సంగతి నలుగురికీ తెలిసేలా నడుచుకునేవాణ్ణి కూడా.

అందుకే కువైట్‌లో వంటపనికి కుదిరిన పక్కింటి అక్క నా దగ్గరికే వచ్చింది. తిరుమల బస్సెక్కితే రెండో మలుపు దాటకముందే ఆమెకు వాంతి అయ్యేది.

"విమానం దిగతానే డాక్టరు చూస్తాడంట తమ్ముడా. వాంతులు చేసుకుంటా దిగితే రోగమని తిప్పి పంపిస్తారంట. పిల్లోళ్లను పుత్తూరులో మాయమ్మ కాడ వదిలిపెట్టి పోతా ఉండా. కుదుపు లేని సీటు యాడుంటాదో చూసి చెప్పు."

ఆమె ఎక్కేది బొంబాయిలో బయలుదేరి, కువైట్‌లో ఆగి, లండన్ దాకా పోయే పెద్ద విమానం. గ్రంథాలయంలో అలాంటి విమానం సీట్ల పటం ఉన్న పుస్తకం దొరికింది. రెక్కల దగ్గర కుదుపు తక్కువని ఆ పుస్తకం అంది. ముందువైపే సుఖమని ఇంకో పుస్తకం అంది. దూరంగా చూస్తూ కూర్చుంటే కడుపు తిప్పదని మూడోది. రెండు రోజులు తికమక పడి, రెక్కల దగ్గర కిటికీ సీటని తేల్చాను.

"రెక్కల మీద కూర్చోబెడతావా నన్ను?"

"మీద కాదక్కా, పక్కన. లోపలే."

"కిటికీ తెరుస్తారా?"

"అది తెరుచుకోదు."

"తెరుచుకోనిది కిటికీ ఎట్లయితాదప్పా? వాంతొస్తే తల యాడ పెట్టేది?"

దూరంగా చూడమన్నాను. అంతకు మించి నాకూ తెలియదు.

పటంలో వరసకు పది సీట్లు, ఒక్కోదానికి ఒక ఇంగ్లీషు అక్షరం. హెచ్ తర్వాత ఐ లేదు, నేరుగా జె, కె. ఇంత పెద్ద పుస్తకంలో అచ్చుతప్పు పట్టుకున్నానని పొంగిపోయాను. పెన్సిలుతో జెని ఐగా, కెని జెగా దిద్ది, వరస సరిచేశాను. అప్పుడు చివరి కిటికీ సీటు జె అయింది. చీటీ మీద రెక్కల దగ్గర అని, దాని కింద జె అని పెద్దగా రాసి అక్కకిచ్చాను. ఆమె దాన్ని పాస్‌పోర్టులో పెట్టుకుని వెళ్లింది.

వారం తర్వాత గ్రంథాలయం చూసుకునే అయ్యవారు ఆ పుటే తెరిచి నా ముందు పెట్టాడు.

"ఇది నీ రాతే కదప్పా?"

"అచ్చుతప్పు సార్. ఐ వదిలేసినారు."

"కావాలనే వదిలేసినారు. ఐని చూసి ఒకటి అంకె అనుకుంటారని. నీకు తెలీనిదంతా అచ్చుతప్పేనా?"

అంటే జె కిటికీ సీటు కాదు, ఇద్దరి మధ్య ఇరుకు సీటు. ఆమెను తిప్పి పంపితే ఆ పాపం నాదే. పొద్దున కొట్టుకు పోయేటప్పుడు, ఆమె ఇంటికి తాళం అలాగే ఉందా అని రోజూ చూసుకునేవాణ్ణి.

నెల దాటాక ఉత్తరం వచ్చింది. అక్కడి తోటి పనిమనిషి చేత రాయించింది.

"తమ్ముడా, నువ్వు రాసిచ్చిన సీటే అడిగినా, ఇచ్చినారు. కిటికీ నాకు కాదు, ఒక ముసిలాయనకి. ఆయన బయటికి చూసి చూసి ఒకటే వాంతులు. సంచి పట్టింది నేనే. ఆయన్ని చూసుకోవడంలో నా కడుపు సంగతే గుర్తు రాలేదు. డాక్టరు నాలుక చూసి ఊర్లోకి పొమ్మన్నాడు. మా చెల్లెలు కూడా వస్తా ఉంది. దానికీ ఒక సీటు చూసిపెట్టు."

చెల్లెలు మరుసటి ఆదివారమే వచ్చింది. పుస్తకం ప్రకారం కె రాయాలి. జరిగినదాని ప్రకారం జె రాయాలి. కాగితం ముందు పెట్టుకుని, బస్సులో నీకూ వాంతులవుతాయా అని అడిగాను.

"నాకేం కాదన్నా," అంది. "ఎక్కితే నిద్రొస్తాది, అంతే. దిగాల్సిన ఊర్లో లేపే సీటు ఏదన్నా ఉంటే రాసియ్యి."