ఇంటికి రాని బెల్లం ముక్క

ఆడవాళ్లు మొగుడి పక్కన ఇంకో ఆడదాన్ని చూసి కుళ్లుకుంటారంటారు. నాకు ఆ యోగం పట్టలేదు. నేను కుళ్లుకున్నది ఒక సైకిలును చూసి.

అనకాపల్లిలో మా ఇంటి వరండాలో ఒక మూల నా కుట్టుమిషను, ఇంకో మూల ఆయన గేర్ల సైకిలు ఉంటాయి. వానొస్తే జల్లు మిషను మీదే పడుతుంది. సైకిలుకు మాత్రం ఆయన వెతికి వెతికి ముసుగు కొన్నారు. పాత టూత్‌బ్రష్షుతో దాని చైను తోముతుంటే, ఈ మనిషి నా చీర కొంగైనా ఎప్పుడన్నా ఇంత శ్రద్ధగా చూశాడా అనిపించేది.

ఆయన కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. రెండో శనివారం వచ్చిందంటే తెల్లవారకుండానే బయలుదేరతారు. రాంబిల్లి వైపు సముద్రం దాకా వెళ్లి, ఎలమంచిలి మీదుగా కోటవురట్ల తిరిగి, ఊళ్ల దారిన సాయంత్రానికి ఇల్లు చేరతారు. వంద కిలోమీటర్లు దాటుతుంది. ఎప్పుడూ ఒక్కరే. వచ్చేసరికి ఒళ్లంతా దుమ్ము, మొహంలో మాత్రం పెళ్లికొడుకు కళ. "ఎలా ఉందండీ?" అంటే "బానే ఉంది" అనేవారు. అంతే. ఆ రెండు మాటల వెనక ఏముందో నాకు చూపించేవారు కాదు. ఆ మర్నాడు సైకిలు హ్యాండిలుకు చీమలు పట్టేవి. "దీన్ని ఎక్కడ ఆనిస్తారండీ, పుట్టల మీదా?" అని నేను విసుక్కుంటే కిరసనాయిలు గుడ్డతో తుడిచేవారు.

నేనూ తొక్కుతూనే ఉన్నాను, ఇరవై రెండేళ్లుగా. వీధిలో వాళ్ల జాకెట్లన్నీ నా కాళ్ల కిందనే తయారయ్యాయి. అంత తొక్కినా వరండా దాటలేదు. రెండో శనివారం నాకు పండగలకూ పెళ్లిళ్లకూ జాకెట్లు అందించాల్సిన రోజు, అంతే.

మొన్న చలికాలంలో ఆయన బాత్‌రూములో జారిపడి మణికట్టు బెణికించుకున్నారు. సైకిలు ముసుగేసుకుని నిలబడింది. పాలకు వెళ్తున్నానని చెప్పి నేను దాన్ని తీయడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు బడికి సైకిలు మీదే వెళ్లినదాన్ని. మొదటి వారం తొడలు పట్టేశాయి, రెండో వారం మొహానికి గాలి హాయిగా తగిలింది. నెలన్నర గడిచేసరికి పాలకని వెళ్లి గంట తర్వాత వస్తున్నాను. ఆయనకు తెలుసనుకుంటాను, అడగలేదు. అడిగే అలవాటు ఉంటే కదా.

రెండో శనివారానికి ముందు రాత్రి అన్నం పెడుతూ చెప్పేశాను. "రేపు నేనెళ్తన్నాను."

"ఎక్కడికే?"

"మీరెళ్లే దారికే. అంతా తిరిగొత్తాను."

"ఒక్కదానివే? అంత దూరం నీ వల్ల ఏటవుద్దే?"

"మీ వల్ల అయినప్పుడు నా వల్ల ఎందుకవదు?"

ఆయన ముద్ద కలపడం ఆపేశారు. తర్వాత లేచి, మంచి చేత్తోనే సీటు దించి, గేర్లు ఎక్కడ మార్చాలో, నీళ్లు ఎప్పుడు తాగాలో, ఏ వంతెన దగ్గర గోతులున్నాయో చెప్పుకుంటూ పోయారు. ఆ ఏడాది మొత్తంలో నాతో మాట్లాడినదానికన్నా ఆ పావుగంటలో ఎక్కువ మాట్లాడారు. సైకిలు గురించి కదా మరి.

పంజాబీ డ్రెస్సు మీద చున్నీ నడుముకు బిగించి, మంచు విడవకముందే బయలుదేరాను. రెండు గంటలు బాగానే సాగింది. రాంబిల్లి దగ్గర ఎండుచేపల వాసన తగిలిన చోట టీ కొట్టు ముందు దిగాను. కొట్టామె నన్ను చూడలేదు, సైకిలును చూసింది.

"ఇది సారు సైకిలు కాదేటి?"

"మా ఆయనదే."

"అలగా సెప్పండి! కూకోండమ్మా. సారొత్తే మాకు పొద్దే తెలీదు. ఒకటే కబుర్లు. పాటలు కూడా పాడతారు గదా!"

ఆమె ఇచ్చిన టీ పక్కన పెట్టేశాను. ఇంట్లో ఆయన నోటి నుంచి పాట మాట దేవుడెరుగు, పూర్తి వాక్యం రావడమే అపురూపం. ఎవరింట ఏ చేప వండారో, ఎవరి పిల్లకు ఏ ఉద్యోగమొచ్చిందో అన్నీ అడుగుతారట. నేను కుట్టే జాకెట్టు ఎవరిదని కూడా ఎన్నడూ అడగని మనిషి! నాకు ఒళ్లు మండింది. ఆమె మంచిదే, డబ్బులు పుచ్చుకోనంది. ఆ మంచితనం మీద కూడా ఏడుపొచ్చింది.

ఎలమంచిలి దాటేదాకా ఆ మంటతోనే తొక్కాను. కోపం మీద ఉంటే ఎత్తు ఎక్కడం తేలికని ఆవేళే తెలిసింది. సముద్రం ఎలా ఉందని ఎవరైనా అడిగితే చెప్పలేను, నేను దాని వైపే చూడలేదు.

కోటవురట్ల దాటాక చెరకు తోటల మధ్య పొగ కనిపించింది. బెల్లం గానుగ. మర చక్రాల మధ్య చెరకు నలుగుతోంది, పెద్ద పెనంలో రసం పొంగుతోంది, ఎండిన పిప్పి పొయ్యిలోకి పోతోంది. గానుగ దగ్గరికి వచ్చినవాళ్లకు రసం ఇవ్వకుండా పంపరని మా వైపు అందరికీ తెలుసు. నేను దిగీ దిగకముందే ఒక ముసలమ్మ గ్లాసు చేతిలో పెట్టింది. ఈమె కూడా ముందు సైకిలునే గుర్తుపట్టింది.

"సారు రాలేదేటమ్మా?"

"సెయ్యి బెణికింది."

"అయ్యయ్యో. మరి మీకు బెల్లం బాగుంటందా? ఎప్పుడొచ్చినా మీకోసరమే అడిగి పట్టికెల్తారు. పెనం అంచుకి అంటుకుని మాడినట్టుంటాది సూడండి, మా ఇంటావిడకి అదే ఇట్టమని సెప్పేరు."

పెనం అంచు బెల్లం నాకు ఇష్టమన్న మాట నిజం. పెళ్లయిన కొత్తలో ఒకే ఒక్కసారి చెప్పాను. ఆయన మర్చిపోలేదు. కానీ ఇన్నేళ్లలో ఒక్క ముక్క కూడా నా ఇంటి గడప తొక్కలేదు!

"ఉత్త సేతుల్తో అంపకూడదమ్మా, పాకం కట్టదు" అంటూ ముసలమ్మ గరిటెతో అంచు గీకి, అరిటాకులో చుట్టి ఇచ్చింది. గుప్పెడంత ముక్క, ఇంకా వేడిగానే ఉంది.

దాన్ని ముందు సంచిలో పెట్టుకుని బయలుదేరాను. ఇప్పుడు నా చేతిలో సాక్ష్యం ఉంది. తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి ఒకటే అడుగుతాను: నా పేరు చెప్పి తెచ్చిన బెల్లం ఎవరి నోట్లో పోశారు? ఆ టీ కొట్టు గానుగ కన్నా ముందే వస్తుంది కాబట్టి ఆమెకు కాదు. మరి ఇటు ఎవరున్నారు? దారిలో కనబడ్డ ప్రతి ఇంటి అరుగు వైపూ చూశాను. గడప కడుగుతున్న ఒకామె నవ్వుతూ పలకరించింది. ఈమేనా? గేదెను తోలుకెళ్తున్న ఇంకొకామె దారి ఇచ్చింది. ఈమె కావచ్చా? సైకిలు మీద ఉన్న కుళ్లు చాలదన్నట్టు ఇప్పుడు ఊళ్లకు ఊళ్లనే అనుమానించాను.

ఇల్లు ఇంకా ఇరవై కిలోమీటర్లుందనగా ఎదురుగాలి లేచింది. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర ఎప్పుడో అయిపోయింది. మొదట కాళ్లు బరువెక్కాయి, తర్వాత చేతులు వణికాయి, ఆ తర్వాత రోడ్డు మీది గీత రెండుగా కనిపించింది. చుట్టూ వరి కోసిన మళ్లే, కొట్టన్నది లేదు. ఒక కల్వర్టు దగ్గర దిగి గట్టు మీద కూలబడ్డాను.

సంచిలోంచి వాసన వస్తోంది. అరిటాకు విప్పాను, సాక్ష్యం క్షేమంగా ఉందో లేదో చూద్దామని. అంచు కాస్త విరిగి ఉంటే ఆ పొడి నోట్లో వేసుకున్నాను. మాడు వాసనతో, చేదు తగిలీ తగలని తీపి. ఇంకో చిన్న ముక్క విరిచాను, సాక్ష్యానికి మిగిలింది చాలుననుకుని. ఆ తర్వాత ఏమనుకున్నానో గుర్తులేదు. ఆకు ఖాళీ అయ్యాక ఆకును కూడా నాకాను.

కాసేపటికి రోడ్డు మీది గీత ఒకటైంది. అప్పుడు చూసుకున్నాను నా వేళ్లు. జిగట. ఆ చేతులతోనే హ్యాండిలు పట్టుకున్నాను, అంటుకుంది. చీమలు గుర్తొచ్చాయి. ఆ కల్వర్టు గట్టు మీద పిచ్చిదానిలా నవ్వాను, కళ్లల్లో నీళ్లు తిరిగేలా. ఇన్నేళ్లూ నా బెల్లం ఎవరు తిన్నారో నాకు తెలిసిపోయింది. నాకోసమని మనసారా అడిగి తీసుకున్నదీ ఆయనే, దారిలో ఆగలేక తిన్నదీ ఆయనే.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు, ఎప్పటినుంచో మరి.

"ఎలగుంది?"

"బానే ఉంది."

"గానుగకాడ ఆగేవా?"

"ఆగేను."

"ఏటైనా ఇచ్చేరా?"

"రసం ఇచ్చేరు. ఇంకేటీ లేదు."

ఆయన నా వేళ్ల వైపు చూశారు. నేను చున్నీకి తుడుచుకున్నాను.

మర్నాడు పొద్దున లేచేసరికి ఆయన కిరసనాయిలు గుడ్డతో సైకిలు ముందు కూర్చుని ఉన్నారు. హ్యాండిలు పొడుగునా చీమలు బారు తీరాయి.

"దీన్ని ఎక్కడ ఆనించేవే, పుట్టల మీదా?" అన్నారు, నా గొంతుతోనే.

"శుభ్రంగా తుడవండి. వచ్చే రెండో శనివారం కూడా నేనే ఎల్తాను."

"అప్పటికి నా చెయ్యి నయమైపోద్దే" అన్నారు గబుక్కున, సైకిలు మీద చెయ్యేసి.

ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. ఏళ్ల తరబడి అది నా దగ్గరే ఉండేది.