పుత్తూరు బస్టాండులో పడ్డ దుర్యోధనుడు

పుత్తూరు బస్టాండులో నా సంచిలోంచి హార్డ్ డిస్కు జారి సిమెంటు మీద పడగానే, నాకంటే ముందు కండక్టరు నోరు తెరిచాడు. "పడితే పడింది గానీ మ్మా, సరైన ఊళ్లోనే పడింది పో" అన్నాడు. బస్సులో సగం మంది నవ్వారు. కాలో చెయ్యో విరిగిన వాళ్లు ఎక్కడెక్కడి నుంచో కట్టు కట్టించుకోవడానికి వచ్చే ఊరు అది. నాకు మాత్రం నవ్వు రాలేదు. కిటికీ పక్కనున్న ఒకామె తల బయట పెట్టి, "ఏం పడింది పాపా, ఫోనా?" అని అడిగింది.

"మా నాయన" అన్నాను. కంగారులో నోట్లోంచి అలా వచ్చేసింది. ఆమె తల లోపలికి లాగేసుకుంది.

నేనేమీ అబద్ధం చెప్పలేదు. అందులో ఉన్నది మా నాయనే. కార్వేటినగరం దగ్గర మా ఊళ్లో, ద్రౌపదమ్మ గుడి ముందర ఏటా పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ. నేల మీద బంకమట్టితో ఇంత పొడుగు దుర్యోధనుణ్ని పడుకోబెడతారు. ఆ బొమ్మ చుట్టూ వేషాలు వేసుకున్న భీముడూ దుర్యోధనుడూ గదలతో తలపడతారు. భీముడు తొడ విరగ్గొట్టగానే ఆడవాళ్లు చీపుర్లు తెచ్చి మట్టి బొమ్మను బాదుతారు. తొందరలో ఒకటి రెండు దెబ్బలు అసలు మనిషికి కూడా తగులుతాయి. పద్దెనిమిదేళ్లుగా ఆ అసలు మనిషి మా నాయనే. భీముడు మా వీధి చివరింటి మామ, నాయనకు వరసకు బావ.

ఆ ఏడు నాయన మోకాలు బాగా మొరాయించింది. "ఇదే ఆఖరు వేషం" అని ఆయనే చెప్పేశాడు. నేనప్పుడు తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటరు టీచరును. తోటి సారు దగ్గర హ్యాండీక్యామ్ అడుక్కొచ్చి నాయన వేషం మొత్తం తీశాను. నాలుగు ముక్కలుగా హార్డ్ డిస్కులో పెట్టి, టేపులు ఆ సారుకిచ్చేశాను. ఆయన వాటి మీద వాళ్ల పాప మొదటి పుట్టినరోజు తీసుకున్నాడు. ముఖ్యమైనది ఏదైనా రెండు చోట్ల దాచుకోవాలని పిల్లలతో నోట్సులో రాయించి, కింద స్కేలుతో గీత కూడా గీయించిన మహాతల్లిని నేను. మా నాయన మాత్రం ఒక్క చోటే ఉన్నాడు. ఆ ఒక్క చోటూ ఇప్పుడు పుత్తూరులో బొక్కబోర్లా పడింది.

పైగా ఆ మరుసటి రోజు ఆదివారం. మా ఇంట్లో కంప్యూటరులో నాటకం చూడ్డానికి నాయన వీధి వీధినంతా పిలిచేసి ఉన్నాడు.

ఇంటికి రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా డిస్కును కంప్యూటరుకు తగిలించాను. గిర్రున తిరిగింది. మధ్యలో ఒకసారి "టిక్" అంది. నా గుండె కూడా టిక్ అంది. అయినా లోపలి ఫైళ్ల పేర్లు నాలుగూ కనబడ్డాయి. బాగుందో లేదో తేల్చుకోవాలని మొదటి నుంచి చివరి దాకా మొత్తం చదివించే పరీక్ష ఒకటి మొదలుపెట్టబోయాను. అంతలో వెనక నుంచి నాయన గొంతు వినబడింది.

"ఏంది పాపా ఆ టిక్కు?"

దాచే మనిషిని కాదు నేను, దాచడం చేతకాక. "నాయనా, దీన్ని కింద పడేసినాను" అని చెప్పేశాను.

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు. "యాడ పడింది?" అన్నాడు.

"పుత్తూరులో."

"అంత దూరం పోయి, కట్టు కట్టించకుండానే వచ్చేసినావా?"

ముఖంలో ఎక్కడా నవ్వు లేదు. నాయనకు ఇదివరకు మోకాలికి పుత్తూరులోనే కట్టు కట్టారు. అప్పటి నుంచి ఆయన లోకాన్నంతా రెండు భాగాలు చేశాడు, కట్టుకు లొంగేవీ లొంగనివీ అని. డిస్కును తీయమని చెప్పి, తొడ మీద పెట్టుకుని, బొటనవేలితో అంచుల వెంబడి మెల్లగా నొక్కుతూ పోయాడు. ఒక మూల సొట్ట తగిలింది. "ఈడ" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇప్పుడేం చేస్తుండావు?"

"పరీక్ష పెడుతుండాను. ఐదారు గంటలు తిప్పితే బాగుండాదో లేదో తెలిసిపోతాది."

"కాలు విరిగిందేమోనని అనుమానం వస్తే, విరిగిందో లేదో సూద్దామని అలిపిరి మెట్లెక్కిస్తారా మ్మా ఎవురన్నా?" అన్నాడు నాయన. "ముందు దాని మీద కూసోనుండే వాళ్లను కిందికి దించు. ఆ తర్వాత నీ ఇష్టమొచ్చినన్ని మెట్లెక్కించు."

నాకు ఒళ్లు మండింది. కంప్యూటరు టీచరును నేనా ఆయనా? మండింది ఎందుకంటే ఆయన చెప్పిందే సరి. దెబ్బ తిన్న డిస్కును పరీక్షల పేరుతో తిప్పే కొద్దీ ఉన్నది కూడా పోవచ్చు. ముందు సరుకు బయటికి తీసుకోవాలి, పరీక్ష తర్వాత. చదువుకున్న ఆ ముక్క భయంలో నాకు గుర్తే రాలేదు.

"సరే, వధ ముందు దించుతాను" అన్నాను. అదే కదా అసలు ఘట్టం.

"ముందు నన్ను రానీ" అన్నాడు నాయన. "సావడానికేం తొందర?"

సరేనని ఆయన చెప్పిన వరసలోనే కాపీ పెట్టాను. దుర్యోధనుడి రాక, జూదం, మడుగులో దాక్కోవడం, చివరకు వధ. డిస్కును బల్ల మీద సమంగా పెట్టించి, ఆ గదిలో ఎవరూ అడుగులు గట్టిగా వేయకూడదని నాయన ఆజ్ఞ వేశాడు. అది వేడెక్కితే విసనకర్ర తెచ్చుకుని పక్కన కూర్చుని విసిరాడు. అమ్మ వంటింటి గుమ్మంలోంచి ఇదంతా చూసింది.

"నాకు జరమొచ్చినప్పుడు ఒక్కసారన్నా విసిరినావా?" అంది. మళ్లీ అంతలోనే, "కట్టుకు గుడ్డు అడుగుతావేమో, ఒకటే ఉండాది. నేనియ్యను" అని ముందే చెప్పేసింది. పుత్తూరు కట్టులో ఆకు పసరుతో పాటు కోడిగుడ్డు సొన కూడా పూస్తారు, అతికేదాకా మూడుసార్లు మార్చి కడతారు. నాయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఆయన నిజంగానే ఆలోచించాడని నా అనుమానం.

మొదటి మూడు ముక్కలూ చక్కగా దిగాయి. నాలుగోది సగం దాటాక డిస్కు టిక్కుమంటూ నిలబడిపోయింది. చదవగలిగినంత చదివి, చదవలేనిది వదిలేసే సాఫ్ట్‌వేరు ఒకటి నా దగ్గర ఉంది. దాంతో ఇంకొంచెం లాగాను. అంతకు మించి రాలేదు. దిగినవాటిని సీడీలలో కూడా ఎక్కించి, ఒక జత అమ్మ చీరల పెట్టెలో పెట్టాను.

అప్పుడు ఎక్కించాను డిస్కును మెట్లు. మొదటిసారి పరీక్షలో చదవలేని చోట్లు కొన్ని కనబడ్డాయి. రెండోసారి అంతకంటే ఎక్కువ వచ్చాయి. అంటే దెబ్బ ఒకచోట ఆగలేదు, లోపల పాకుతోంది. ఇక దాని మీద ఏదీ పెట్టడానికి లేదని చెప్పాను. నాయన తల ఊపి, రెండు వెదురు బద్దల మధ్య దాన్ని పెట్టి, పాత పంచె చించి గట్టిగా కట్టు కట్టి, గోడకు ఆనించిన గద పక్కన పెట్టాడు. "మూడు కట్లు పడేదాకా ఎవురూ పని చెప్పొద్దండి" అన్నాడు.

ఆదివారం ఇల్లు నిండిపోయింది. భీముడి వేషం వేసే మామ ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి, అందరికంటే ముందు, తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. రాక చూశారు, జూదం చూశారు, మడుగు చూశారు. వధ మొదలైంది. భీముడు గద పైకెత్తి, పళ్లు కొరికి, దుర్యోధనుడి మీదికి ఉరికాడు. అక్కడ తెర నిలిచిపోయింది.

అందరూ కాసేపు ఎదురుచూశారు. "నా దెబ్బ యాడ?" అన్నాడు మామ.

"అంతే మామా" అన్నాను. "నేను కింద పడేసినాను. అంతవరకే వచ్చింది."

మామ లేచి నిలబడ్డాడు. "పద్దెనిమిదేండ్లు కొట్టినాను పాపా. ఒక్కసారన్నా ఎట్లా కొడతానో సూసుకుందామని వచ్చినాను." ఇంత చేసి నాయన ఆఖరు వేషాన్నే పూర్తిగా కాపాడుకోలేకపోయానని నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నాయన ముఖం చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

నవ్వు వినబడి చూశాను. నాయన గోడ పట్టుకుని లేస్తున్నాడు. కుంటుకుంటూ కంప్యూటరు దగ్గరికి వచ్చి, తెర మీద తన బొమ్మకు వేలు ఆనించాడు. కిరీటం, మెలి తిప్పిన మీసం, గద, నేలలో పాతినట్టున్న రెండు కాళ్లు.

"అందురూ సూడండి" అన్నాడు. "పద్దెనిమిదేండ్లూ విరగ్గొట్టినారు. ఈసారి నా తొడ విరగలేదు."

"ఆపేదా నాయనా?" అన్నాను.

"ఆపొద్దు మ్మా. అట్నే ఉండనీ."

అమ్మ కాఫీలు తెచ్చింది. మామ గద ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్న తెర ముందు అందరూ కాఫీ తాగారు. ఎవరో నాయనకు కుర్చీ జరిపారు. ఆయన కూర్చోలేదు. మోకాలు వణుకుతున్నా సరే, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడే తాగాడు.