దర్గా దారం

మా చర్చి సంఘంలో ప్రభువు బల్లకు, అంటే యేసయ్య జ్ఞాపకంగా రొట్టె, రసం తీసుకునే ఆరాధనకు, ద్రాక్షరసం కాచే పని నాది. నల్లద్రాక్ష కడిగి, ఉడికించి, తెల్లబట్టలో పిండి సీసాకు పోస్తాను. ఎంత భక్తో అని అందరూ మెచ్చుకుంటారు. ఆ పని నేను అడిగి మరీ తీసుకున్నది భక్తితో కాదు, పగతో. ఒకామెకు ఏదో ఒకరోజు ఆ రొట్టె, ఆ రసం దక్కకుండా చేయాలని తీసుకున్నాను.

ఆమె మా స్త్రీల సమాజానికి పెద్ద. జహీరాబాద్‌లో మా గల్లీ చివరే ఆమె ఇల్లు. సంఘమంతా పెద్దమ్మ అని పిలుస్తుంది, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆరేళ్ల కిందట మా అమ్మ మంచం పట్టినప్పుడు మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం ముసలామె ఉపవాసం ఉండి, దర్గాకు పోయి ఎర్రదారం తెచ్చింది. "జర కట్టుకో అమ్మా, నయమైతది" అంటూ అమ్మ మణికట్టుకు కట్టింది. ఆమె అటు వెళ్లగానే నేను దారం తెంపబోయాను. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ముసల్ది, ఉపాసముండి తెచ్చింది బిడ్డా. తెంపితే ఆమె మనసు నొవ్వదా? నేనెవరిదాన్నో యేసయ్యకు తెల్వదా?"

ఆ వారమే బల్ల తీసుకుంటానంది అమ్మ. నడవలేనివాళ్లకు పాస్టరుగారు ఇంటికే తెచ్చి ఇస్తారు. అందుకోసం తెల్లచీర ఉతికించి తలగడ కింద పెట్టుకుంది. చూడవచ్చిన పెద్దమ్మకు ముందు అమ్మ కాదు, దారం కంటపడింది. బయటికి వెళ్లి మా గేటు దగ్గరే నిలబడి పాస్టరుగారికి ఫోన్ చేసింది. నాకు ప్రతి మాటా వినపడింది.

"ఆమె చేతికి దర్గా దారమున్నది అయ్యగారూ. గసొంటి చేతిల రొట్టె ఎట్ల పెడ్తరు?"

అయ్యగారు వచ్చే ఆదివారం చూద్దామన్నారు. సంగతి నేను అమ్మకు చెప్పలేదు. "అయ్యగారు వచ్చిన్రా?" అని నాలుగు రోజులు అడిగి అడిగి, గురువారం పోయింది. ఆ తెల్లచీరతోనే పూడ్చాం. సమాధి దగ్గర అందరికన్నా గట్టిగా పాట పాడింది పెద్దమ్మే. నాకు ఆమె నోట్లో మట్టి కొట్టాలనిపించింది.

అప్పటి నుంచి ఆదివారాలు ఆమె వెనక బెంచీలో కూర్చునేదాన్ని, ఆమెను కళ్లతోనే కాల్చడానికి. పరలోక ప్రార్థనలో మేమూ ఇతరులను క్షమించామని చెప్పే మాట వచ్చేసరికి పెదవులు బిగించేదాన్ని. అబద్ధమాడటం నాకు చేతకాదు.

మొన్న ఎండాకాలంలో పెద్దమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చారని తెలిసి నేను సంతోషించాను. నిజం చెప్తున్నాను, పాయసం ఒక్కటే వండుకోలేదు. ఆమె బల్ల అడుగుతోందని కొత్త పాస్టరుగారు చెప్పగానే, రొట్టె, రసం ఉండే పెట్టె నేను మోసుకొస్తానన్నాను.

మేం వెళ్లేసరికి పెద్దమ్మ మంచంలో తెల్లచీర కట్టుకుని ఉంది. మూతి పక్కకు పోయింది. పాస్టరుగారు బైబిలు తెరుస్తుండగా ఆమె కుడిచేతి వైపు చూశాను. మణికట్టుకు ఎర్రదారం! మా ఖాలా ఎవరినీ వదలదు కదా, గల్లీలో మంచం పట్టిన ప్రతివాళ్లకూ కట్టి వస్తుంది.

దేవుడే నా చేతికి కత్తి ఇచ్చాడనుకున్నాను. ఒక్క మాట చాలు. ఆమె మాటలు ఆమెకే అప్పజెప్తే చాలు. ఆరేళ్లుగా అవి నాకు కంఠతా.

నేను దారం చూడటం పెద్దమ్మ గమనించింది. చెయ్యి దాచుకోబోయింది, అది కదల్లేదు. నా ముఖం చూసి, తర్వాత పాస్టరుగారి చేతిలోని రొట్టె వైపు చూసింది. అమ్మ వాకిలి వైపు చూసిన చూపే అది. ఆ చూపు నాలుగు రోజులు చూసినదాన్ని నేను. ఇంకొకరి ముఖంలో దాన్ని భరించలేకపోయాను. ఆమె మీద జాలితో కాదు, అమ్మ మీద బెంగతో.

వంగి, ఆమె చీర కొంగు లాగి ఆ మణికట్టు మీద కప్పాను.

రొట్టె విరిచే ముందు పాస్టరుగారు అలవాటుగా అడిగారు. "ఎవరికన్నా ఎవరి మీదన్నా కోపముంటే ఇప్పుడే చెప్పుకోండ్రి. కోపం పెట్టుకొని బల్ల తీసుకోవద్దు."

"నాకున్నది అయ్యగారూ" అన్నాను.

"సమాధానపడ్తవా అమ్మా?"

"పడను. ఆమెకియ్యండి."

ఆయన రొట్టె విరిచి ఆమెకు ఇచ్చారు. పెదవుల పక్క నుంచి రసం కారితే నా కొంగుతోనే తుడిచాను. పెద్దమ్మ ఎడమచేత్తో నా వేళ్లు పట్టుకుని ఏదో అనబోయింది. వేళ్లు విడిపించుకుని పెట్టె మూశాను.

గల్లీలో ఖాలా ఎదురొచ్చి ఆమెకెట్లుందని అడిగింది.

"దారం మోచేతి మీదికి కట్టు ఖాలా, అయ్యగారికి కనపడకుంట" అన్నాను.

నాలుగు నెలలైంది. నెలనెలా రసం కాచి ఆమెకు పట్టుకెళ్తున్నాను. ఆమె తీసుకుంటుంది. నేను ఇంకా తీసుకోలేదు.